పేకమేడ కట్టే బంకమన్ను: తారు ఇసుక బురదను మైక్రోస్కోప్ కింద చదవడం

మార్కాపురం పలకలో ఉన్నవి అభ్రకం జాతి రేకులు, క్లోరైట్ అనే ఆకుపచ్చ ఖనిజపు రేకులు. కట్టగట్టిన కాగితాల్లా అన్నీ ఒకే వైపు పడుకొని, భూగర్భపు వేడికీ ఒత్తిడికీ బిగుసుకుపోయాయి. అందుకే ఉలి పెట్టి కొడితే పొరలు పొరలుగా విడిపోతుంది. కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో తారు ఇసుక గనుల పక్కనున్న బురద చెరువుల్లోనూ దాదాపు ఇదే కుటుంబపు ఖనిజాలున్నాయి. కాకపోతే అక్కడి రేకులు పడుకోలేదు. ఒకదాని అంచు ఇంకొకదాని ముఖానికి ఆనించి పేకమేడలా నిలబడ్డాయి, మేడ గదుల్లో నీళ్ళు చిక్కుకున్నాయి.

ఆ బురద చెరువులో చేరిన రెండు మూడేళ్ళకు బరువులో 30 నుంచి 35 శాతం ఘనం అయ్యే దాకా చిక్కబడుతుంది. అక్కడితో దాదాపు ఆగిపోతుంది. దశాబ్దాలు గడిచినా దాని మీద మనిషి నడవలేడు. బరువులో 30 శాతం అంటే ఎక్కువే అనిపిస్తుంది గానీ, ఖనిజం నీటికంటే రెండున్నర రెట్లకు పైగా బరువు కాబట్టి పరిమాణంలో లెక్కేస్తే ఘనం నూటికి 14 పాళ్ళే, మిగతా 86 నీళ్ళు. అల్బర్టాలో ఇలాంటి ద్రవ వ్యర్థం 100 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. మన లెక్కలో 35 టీఎంసీలకు పైమాటే. 78 టీఎంసీల సోమశిల జలాశయంలో సగానికి కాస్త తక్కువ నిండేంత బురద అన్నమాట.

దీన్ని అర్థం చేసుకోవడానికి అందరూ మొదట అడిగే ప్రశ్న, "బంకమన్ను ఎంత శాతం ఉంది?" అది చాలదు. ఏ రకం బంకమన్ను, దాని ఉపరితలం ఎంత, నీటిలో ఉన్నప్పుడు ఆ రేకులు ఎలా అమరాయి అనేవి అసలు ప్రశ్నలు. మూడో ప్రశ్నకు జవాబు మైక్రోస్కోపే చెప్పాలి. నమూనాను ఎండబెట్టి పెడితే మాత్రం అది చెప్పేదంతా అబద్ధం.

తారు ఇసుక అంటే

అథబాస్కా నది పరిసరాల్లో దొరికే ఈ ముడి ఇసుకలో బరువు ప్రకారం మంచి చోట్ల 10 నుంచి 12 శాతం బిట్యుమిన్, అంటే చిక్కటి తారు ఉంటుంది. నాలుగైదు శాతం నీరు, మిగతాదంతా ఖనిజం. ఆ ఖనిజంలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ ఇసుక. గాజు తయారీ కోసం చిల్లకూరు, కోట తీరంలో తవ్వే సిలికా ఇసుకకు దగ్గరి చుట్టం. 44 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నగా ఉన్నదాన్ని అక్కడి పరిశ్రమలో ఫైన్స్ అంటారు. 2 మైక్రాన్ల లోపుది బంకమన్ను కొలత.

1920లలో కార్ల్ క్లార్క్ అనే రసాయన శాస్త్రవేత్త వేడినీటి పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఆ పద్ధతి మీద పెద్ద ఎత్తున నడిచిన మొదటి కర్మాగారం 1967లో మొదలైంది. ఇసుకను వేడి నీళ్ళతో, కొంచెం కాస్టిక్ సోడాతో కలిపి బాగా కదిలిస్తారు. మొదట్లో 75 నుంచి 85 డిగ్రీల వేడి వాడేవారు, ఇప్పుడు 40 నుంచి 55 డిగ్రీలతోనే నడిపిస్తున్నారు. తారు ఇసుక రేణువును వదిలి గాలి బుడగకు అంటుకుంటుంది, పెద్ద తొట్టిలో నురగగా పైకి తేలుతుంది. తారు సాంద్రత నీటి సాంద్రతకు ఇంచుమించు సమానం కాబట్టి గాలి లేకుండా తేలదు. నురగలో సుమారు 60 శాతం తారు, 30 శాతం నీరు, 10 శాతం ఘనం. ఇసుక అడుగున దిగిపోతుంది. అటు తేలక ఇటు దిగక మధ్యలో వేలాడే సన్నటి సరుకే మన కథలో పాత్ర. ఒక పీపా, అంటే 159 లీటర్ల శుద్ధి చేసిన నూనెకు దాదాపు రెండు టన్నుల ఇసుక తవ్వాలి. అందుకే వేలాడే ఆ కొద్దిపాటి మన్నే చెరువులకు చెరువులుగా పోగుపడింది.

మూడు రకాల రేకులు

బంకమన్ను ఖనిజాలన్నీ రేకులే. ప్రతి రేకులోనూ రెండు రకాల పలుచని పొరలుంటాయి. ఒకటి సిలికాన్, ఆక్సిజన్ కలిసి అల్లినది. రెండోది అల్యూమినియం చుట్టూ ఆక్సిజన్, హైడ్రాక్సిల్ చేరినది.

కయొలినైట్‌లో ఒక సిలికా పొర మీద ఒక అల్యూమినా పొర. జంట మందం 0.7 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). జంటకూ జంటకూ మధ్య హైడ్రోజన్ బంధాలు గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి నీరు లోపలికి దూరదు. పింగాణీ పాత్రల తెల్లమట్టి ఇదే. తారు ఇసుకలో ఎక్కువగా కనిపించేదీ ఇదే.

ఇల్లైట్‌ను అర్థం చేసుకోవడానికి సైదాపురం, రాపూరు వైపు గనుల కాకిబంగారం చాలు. అభ్రకంలో రెండు సిలికా పొరల నడుమ ఒక అల్యూమినా పొర, అలాంటి రెండు రేకుల మధ్య పొటాషియం జిగురులా ఉంటుంది. రేకు పునరావృత మందం దాదాపు 1 నానోమీటరు. ఆ అభ్రకమే నలిగి, సన్నబడి, కొంత పొటాషియాన్ని పోగొట్టుకుంటే ఇల్లైట్ అనుకోవచ్చు.

మూడోది స్మెక్టైట్ జాతి. మాంట్‌మొరిల్లొనైట్ ఇందులో పేరున్నది. ఇందులోనూ అభ్రకంలాగే మూడు పొరల రేకు, కానీ పొటాషియం జిగురు లేదు. రేకుల మధ్య సోడియమో కాల్షియమో నీళ్ళతో కలిసి వదులుగా ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఒంగోలు చుట్టుపక్కల పొగాకు రైతులు ఎరిగిన నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి, వానకు మూసుకుపోవడం ఈ ఖనిజం వల్లే. తారు ఇసుకలో ఇది విడిగా దొరకడం తక్కువ. ఇల్లైట్ రేకుల మధ్య అక్కడక్కడా స్మెక్టైట్ పొరలు చొరబడిన మిశ్రమంగా ఎక్కువగా కనిపిస్తుంది. కొద్ది మొత్తమే అయినా దీన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఎందుకో చదరపు మీటర్లలో చూద్దాం.

ఒక గ్రాము కయొలినైట్ ఉపరితలాన్నంతా పరిస్తే 10 నుంచి 20 చదరపు మీటర్లు, అంటే సెంటు భూమిలో సగానికి మించదు. గ్రాము ఇల్లైట్ రెండు, రెండున్నర సెంట్లు. గ్రాము మాంట్‌మొరిల్లొనైట్ లోపలి ముఖాలతో కలిపి 700 నుంచి 800 చదరపు మీటర్లు. అది దాదాపు 20 సెంట్లు! నీటిని పట్టి ఉంచేది, రసాయనాన్ని మింగేసేది, తారుకు అంటుకునేది ఈ ఉపరితలమే. నూటికి రెండు పాళ్ళున్న స్మెక్టైట్, 60 పాళ్ళున్న కయొలినైట్ కంటే ఎక్కువ విస్తీర్ణంతో పని చెడగొట్టవచ్చు.

ఎందుకు తేరుకోదు

నీటిలో గింజ దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల నీటిలో 2 మైక్రాన్ల గింజ 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 8 గంటలు పడుతుంది. 0.2 మైక్రాన్లదైతే నూరు రెట్లు, అంటే నెల పైన. ప్రయోగశాలలో పిపెట్‌తో నమూనా తీసేటప్పుడు ఈ 8 గంటల లెక్కను గుడ్డిగా వాడితే నెల్లూరు వేసవిలో తప్పొస్తుంది. 30 డిగ్రీలకు నీటి చిక్కదనం ఐదో వంతు తగ్గుతుంది కాబట్టి ఆరు గంటల పైచిలుకుకే తీయాలి. గాజు జాడీలో థర్మామీటరు వేలాడదీసుకోవడం మంచిది.

ఆలస్యానికి కారణం సన్నదనం ఒక్కటే అయితే పదేళ్ళకైనా అంతా అడుగుకు చేరాలి. చేరనివ్వనిది విద్యుదావేశం. రేకు ముఖానికి ఎప్పుడూ రుణావేశం. అంచు మాత్రం నీటి గుణాన్ని బట్టి మారుతుంది. నీరు కాస్త ఆమ్ల వైపు ఉంటే అంచు ధనం, క్షారం వైపు వెళ్తే అంచూ రుణం. అంచు ధనంగా ఉన్నప్పుడు పక్క రేకు ముఖానికి అతుక్కొని పేకమేడ కడుతుంది. కాస్టిక్ సోడా వేసినప్పుడు ముఖమూ అంచూ రెండూ రుణమై రేకులు ఒకదాన్నొకటి నెట్టేసుకొని విడివిడిగా తేలతాయి. ఇసుకను తారు నుంచి విడదీయడానికి ఇది బాగా పనికొస్తుంది. తర్వాత చెరువులో శాపమవుతుంది.

దీన్ని మన రైతుకు చెప్పడానికి కొత్త పాఠం అక్కర్లేదు, చవుడు నేల చాలు. సోడియం ఎక్కువైన చవుట్లో బంకమన్ను చెదిరిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి, నీరు ఇంకదు, మడిలో రోజుల తరబడి మురికిగా నిలుస్తుంది. అక్కడ జిప్సం వేస్తాం. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేసి రేకులను దగ్గరకు లాగుతుంది. ఊటుకూరు దగ్గర పెన్న వరదనీరు సముద్రపు ఉప్పును తాకగానే ఒండ్రు ముద్దలుగా దిగిపోవడం, బిందెలో మురికినీటికి పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం, అన్నీ ఈ ఆవేశాన్ని అణచడానికో రేకుల మధ్య వంతెన వేయడానికో చేసే పనులే.

తారు ఇసుక చెరువులకు ఇంకో చిక్కు ఉంది. అక్కడ చెరువు మీది నీటినే మళ్ళీ మళ్ళీ కర్మాగారానికి తిప్పుతారు. తిప్పిన కొద్దీ అందులో లవణాలు పెరుగుతాయి. దానితో రేకులు పూర్తిగా నెట్టుకునే స్థితీ ఉండదు, పూర్తిగా ముద్దకట్టే స్థితీ ఉండదు. కిందికి దిగి చిక్కబడే కొద్దీ అంచులు, ముఖాలు అక్కడక్కడా బలహీనంగా తగిలి వలగా మారతాయి. కదిలిస్తే నీరులా పారుతుంది, వదిలేస్తే జెల్లీలా గట్టిపడుతుంది. 0.2 మైక్రాన్ల లోపు రేకులు ఈ వలకు ముఖ్యమైన దారాలు. గట్టి మేడైనా బరువుకు కూలి దిగుతుంది. ఇంత సన్నటి వలలో మాత్రం బరువు తక్కువ, నీరు బయటికి పోయే దారులు మరీ ఇరుకు.

ఇంట్లోనే చూడదగ్గ పరీక్ష ఒకటుంది. 40 గ్రాముల నల్లరేగడిని రాత్రంతా రెండు లీటర్ల నీటిలో నానబెట్టి, బాగా కలిపి, రెండు నిమిషాలు ఆగి, అడుగు ఇసుక రాకుండా పై మురికినీటిని నాలుగు ఒకేలాంటి గాజు గ్లాసుల్లోకి 250 మిల్లీలీటర్ల చొప్పున వంచాలి. మొదటిదాన్ని అలాగే వదలాలి. రెండోదాంట్లో పావు గ్రాము చాకలి సోడా, మూడోదాంట్లో అర గ్రాము జిప్సం పొడి. నాలుగోదానికి 100 మిల్లీలీటర్లలో గ్రాము పటిక కరిగించి, ఆ నీళ్ళు 5 మిల్లీలీటర్లు. అన్నిటినీ ఒక నిమిషం వేగంగా, ఐదు నిమిషాలు నెమ్మదిగా తిప్పి వదిలేయాలి. జిప్సం, పటిక గ్లాసుల్లో నీరు త్వరగా తేరుకుంటుంది, సోడాది మర్నాటికీ మురికిగానే ఉంటుంది. ఇక్కడితో ఆగకుండా మూడు రోజులు ఆగి అడుగు మడ్డి ఎత్తు స్కేలుతో కొలవాలి. త్వరగా తేరుకున్న గ్లాసుల్లో మడ్డి వదులుగా, ఎత్తుగా ఉంటుంది. సోడా గ్లాసులో దిగినంత మేర పలుచగా, గట్టిగా ఉంటుంది. పైన తేట నీరు రావడం వేరు, కింద నేల గట్టిపడటం వేరు. తారు ఇసుక పరిశ్రమ దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నది రెండోదానితోనే.

నమూనాతోనే తప్పులు మొదలు

ముడి ఇసుక నుంచి తారును తొలగించడానికి మామూలుగా టొలీన్ అనే ద్రావకాన్ని మరిగించి ఆవిరి చేసి, చల్లబరిచి నమూనా మీద బొట్లుగా పడేలా చేస్తారు. కారే ద్రవం రంగు లేకుండా వచ్చే దాకా నడపాలి. నీరు, తారు, ఘనం మూడింటి బరువులూ ఒకేసారి తేలతాయి కాబట్టి ఇది అందరికీ ఇష్టమైన పద్ధతి. బరువులకు ఫరవాలేదు గానీ బంకమన్నుకు మంచిది కాదు. టొలీన్‌లో కరగని సేంద్రియ పదార్థం కొంత రేకుల మీదే మిగిలిపోతుంది. 110 డిగ్రీల వేడిలో ఎండినప్పుడు అది జిగురై రేకులను ముద్ద చేస్తుంది. ఆ ముద్దను జల్లెడలోనో లేజర్ యంత్రంలోనో కొలిస్తే ఒండ్రు సైజు గింజలా కనిపిస్తుంది, బంకమన్ను శాతం తక్కువ తేలుతుంది. బంకమన్ను చదవాలంటే చల్లటి ద్రావకంతో పలుమార్లు కడిగి సెంట్రిఫ్యూజ్‌లో వేరు చేయడం మేలు. చెరువు బురదనైతే అసలు ఎండబెట్టనే కూడదు.

తర్వాత విడదీయడం. స్వేదన జలంలో, కొంచెం సోడియం బైకార్బొనేట్‌తో, అల్ట్రాసౌండ్ పెట్టి కదిలించాలి. తక్కువైతే ముద్దలు విడవవు, మరీ ఎక్కువైతే రేకులే విరుగుతాయి. ఒకే నమూనాను 5, 10, 20 నిమిషాలు కదిలించి మూడు కొలతలు తీసి, విలువ పెరగడం ఎక్కడ ఆగిందో చూసుకోవడమే నమ్మకమైన దారి.

ఉపరితలాన్ని కొలవడానికి మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు వాడతారు. 2 గ్రాముల మట్టిని 300 మిల్లీలీటర్ల నీటిలో చెదరగొట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2.5 నుంచి 3.8 మధ్యకు తెచ్చి, 0.01 నార్మల్ రంగు ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోస్తూ ప్రతిసారీ గాజు కడ్డీతో ఒక బొట్టు వడపోత కాగితం మీద పెట్టాలి. మొదట్లో మధ్యన ముదురు నీలపు చుక్క, చుట్టూ తడి మరక. రేకులన్నీ రంగు పీల్చుకొని చాలించాక చుక్క చుట్టూ లేత నీలి వలయం వస్తుంది. రెండు నిమిషాలు కలిపాక కూడా ఆ వలయం నిలిచి ఉంటేనే ఆపాలి. ఈ బరువుకు ఖర్చయిన మిల్లీలీటర్లలో సగం, 100 గ్రాములకు మిల్లీ ఈక్వివలెంట్లలో విలువ. 20 మిల్లీలీటర్లు పోతే 10. ఒక రంగు అణువు ముఖం మీద 1.3 చదరపు నానోమీటర్ల చోటు పరుచుకుంటుందన్న లెక్కతో అది గ్రాముకు 78 చదరపు మీటర్లు. ఖరీదైన యంత్రం అక్కర్లేని ఈ పరీక్షే రోజువారీ నిర్ణయాలకు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. బ్యూరెట్, తూకం, వడపోత కాగితం ఉన్న ఏ కాలేజీ ల్యాబులోనైనా చేయవచ్చు.

ఖనిజం పేరు చెప్పేది ఎక్స్‌రే. 2 మైక్రాన్ల లోపు భాగాన్ని గాజు పలక మీద రేకులన్నీ పడుకునేలా పలుచగా పరిచి, ఒకే నమూనాను నాలుగు స్థితుల్లో చూడాలి. గాలిలో ఆరినప్పుడు కయొలినైట్ 0.7, ఇల్లైట్ 1.0, స్మెక్టైట్ 1.2 నుంచి 1.5, క్లోరైట్ 1.4 నానోమీటర్ల దగ్గర ఎక్స్‌రే గ్రాఫులో శిఖరాలు చూపుతాయి. ఆ అంకె రేకు పునరావృత మందమే. స్మెక్టైట్, క్లోరైట్ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. అప్పుడు ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరిలో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే స్మెక్టైట్ 1.7కు ఉబ్బుతుంది, క్లోరైట్ కదలదు. తర్వాత 300 డిగ్రీలకు కాలిస్తే స్మెక్టైట్ 1.0కు ముడుచుకుంటుంది. 550కి కాలిస్తే కయొలినైట్ శిఖరం మాయమవుతుంది, క్లోరైట్ నిలుస్తుంది. గ్లైకాల్ మెట్టు వదిలేసిన నివేదికను స్మెక్టైట్ విషయంలో నమ్మకూడదు. మిశ్రమ పొరలైతే శిఖరం ఎక్కడా నిక్కచ్చిగా నిలవదు. 1.0 దగ్గరి ఇల్లైట్ శిఖరానికి ఒక పక్క భుజంలా వాలు కనిపిస్తుంది. అనుభవం లేని కన్ను దాన్ని గ్రాఫు గీతలోని గరుకు అనుకొని వదిలేస్తుంది.

మైక్రోస్కోప్ చెప్పే నిజం, చెప్పే అబద్ధం

మామూలు కాంతి మైక్రోస్కోప్ 0.2 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. రేకు దానికి దొరకదు. కానీ నీలికాంతి పడితే తారు వెలుగుతుంది కాబట్టి, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్‌లో తడి బురదలోనే తారు బొట్లు ఎక్కడున్నాయో, ఎంత సైజువో చూడవచ్చు. చెరువు బురదలో తారు బరువుకు ఒకటి నుంచి మూడు శాతం మిగిలిపోతుంది.

రేకుల ఆకారానికి స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వాడతారు. కయొలినైట్ ఆరు మూలల బిళ్ళలుగా, కొన్నిచోట్ల పేర్చిన పుస్తకంలా కనిపిస్తుంది. ఇల్లైట్‌కు చిరిగిన అంచుల రేకులు. స్మెక్టైట్ ముడతలు పడ్డ పలుచటి గుడ్డలా, తేనెపట్టులా ఉంటుంది. దీనికి జోడించిన ఎక్స్‌రే గుర్తింపు పరికరంలో అల్యూమినియం, సిలికాన్ సమానంగా వచ్చి మరే లోహమూ లేకపోతే కయొలినైట్. పొటాషియం వస్తే ఇల్లైట్. ఇనుము, మెగ్నీషియం వస్తే క్లోరైట్ అనుమానించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 15 కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ కిరణం నమూనాలో మైక్రాన్ పైన లోతుకు వెళ్తుంది. 50 నానోమీటర్ల రేకు మీద గురిపెట్టినా సంకేతంలో ఎక్కువ భాగం దాని కిందున్న పొరుగుదే. 5 కిలోవోల్టులకు తగ్గిస్తే కొంత మేలు.

ఇవన్నీ ఒక ఎత్తు, శూన్యం ఒక ఎత్తు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లోపల గాలి ఉండదు కాబట్టి నమూనా పొడిగా ఉండాలి. నీరు ఆరిపోతున్నప్పుడు తలతన్యత రేకులను దగ్గరకు లాగేస్తుంది. పేకమేడ కూలి పేక కట్టవుతుంది. ఆ ఫొటో చూసినవాళ్ళు రేకులు చక్కగా పడుకున్నాయని రాస్తారు. వాళ్ళు చూసింది చెరువును కాదు, ఆరబెట్టిన తర్వాతి శవాన్ని.

అందుకే చల్లబరిచే పద్ధతి వచ్చింది. మిల్లీమీటరు సైజు బురద బొట్టును సూది మొన మీదో చిన్న గిన్నెలోనో పెట్టి, శూన్యంతో మైనస్ 210 డిగ్రీలకు దించిన నైట్రోజన్ ముద్దలో ఒక్కసారిగా ముంచుతారు. మామూలు ద్రవ నైట్రోజన్‌లో ముంచితే చుట్టూ ఆవిరి పొర ఏర్పడి వేడిని ఆపేస్తుంది, చల్లబడటం మందగిస్తుంది. గడ్డకట్టిన బొట్టును శూన్యంలోనే విరిచి, మైనస్ 100 నుంచి మైనస్ 90 డిగ్రీల మధ్య కొద్ది నిమిషాలు ఉంచితే పై మంచు నేరుగా ఆవిరై రేకులు బయటపడతాయి. పలుచటి లోహపు పూత వేసి, మళ్ళీ మైనస్ 120 కంటే కిందకు దించి చూస్తారు.

దీనిలోనూ మోసం ఉంది. బొట్టు మధ్యభాగం ఉపరితలమంత వేగంగా చల్లబడదు. నెమ్మదిగా గడ్డకట్టే చోట మంచు స్ఫటికాలు పెరిగి రేకులను గోడలుగా నెట్టేస్తాయి. అది తేనెపట్టు గదుల్లా ఎంతో అందంగా కనిపిస్తుంది, ఆ అందమే అనుమానానికి కారణం కావాలి. గదులన్నీ ఒకే దిక్కుకు సాగి, గోడలు నున్నగా, గదుల లోపల ఒక్క రేకూ లేకుండా ఉంటే అది మంచు చేసిన పని. అంచు నుంచి లోపలికి పోయే కొద్దీ గది సైజు పెరుగుతూ పోతే ఇక సందేహమే వద్దు. నమ్మదగ్గ కొలతలు విరుపు అంచుకు దగ్గరి పొర నుంచే తీయాలి. అధిక ఒత్తిడిలో గడ్డకట్టించే యంత్రముంటే 0.2 మిల్లీమీటర్ల మందం దాకా మంచు స్ఫటికాలు లేకుండా చేయవచ్చు.

ఇంకా లోపలికి, రేకుల మందం దాకా చూడాలంటే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. రెజిన్‌లో పోతపోసి వజ్రపు కత్తితో పలుచగా కోసిన ముక్కలో పొరలు గీతలుగా కనిపిస్తాయి. గీతకూ గీతకూ ఎడం 1.0 నానోమీటరైతే ఇల్లైట్ అని రాసేస్తే పొరపాటు. స్మెక్టైట్ కూడా శూన్యంలో నీరు పోగొట్టుకొని 1.0కే ముడుచుకుంటుంది. రెండూ కవలల్లా కనిపిస్తాయి. రెజిన్ పోసే ముందు రేకుల మధ్యకు పొడవాటి సేంద్రియ అణువులను ఎక్కించి, ఉబ్బును కాపాడితేనే వేరు చేయగలం. ఎక్స్‌రే, మిథిలీన్ బ్లూ, మైక్రోస్కోప్ మూడూ ఒకే మాట చెప్పే దాకా స్మెక్టైట్ శాతాన్ని ఖాయం చేయకూడదని నొక్కి చెప్పడం ఇందుకే.

కర్మాగారంలో ఈ చదువు ఎక్కడ పనికొస్తుంది

నురగ దగ్గరే మొదలవుతుంది. తారు బొట్టు ఉపరితలం రుణం, రేకు ముఖం రుణం, రెండూ నెట్టుకోవాలి. నీటిలో కాల్షియం ఉంటే అది రెండింటి మధ్య వంతెనై రేకులను తారు మీద పూతలా అంటిస్తుంది. పూత పట్టిన బొట్టుకు గాలి బుడగ అంటుకోదు, తారు వ్యర్థంలోకి పోతుంది. కయొలినైట్, ఇల్లైట్‌లతో ఈ బెడద తక్కువ, మాంట్‌మొరిల్లొనైట్‌తో తీవ్రం. కాల్షియం ఒక్కటే ఉన్నా, ఆ మన్ను ఒక్కటే ఉన్నా అంత నష్టం ఉండదు. రెండూ కలిసినప్పుడే తారు తేలడం పడిపోతుంది.

తర్వాత నురగను శుద్ధి చేసే చోట. కొన్ని రేకుల మీద సేంద్రియ పదార్థం సగం సగం పట్టి ఉంటుంది. ఒక పక్క నీటిని, ఒక పక్క నూనెను ఇష్టపడే అలాంటి రేకు నీటిబొట్టు చుట్టూ కవచంలా చేరి నూనెలోని నీటిని వేరుకానివ్వదు. ఆ శుద్ధిని దాటిపోయిన అతి సన్నటి మన్ను శుద్ధి కర్మాగారంలో ఉత్ప్రేరకపు గుళికల మధ్య పేరుకొని ఒత్తిడి పెంచుతుంది.

చెరువు దగ్గర రెండు ముఖ్యమైన చికిత్సలున్నాయి. మొదటిది, చిక్కబడ్డ బురదలో ఎంత సన్నటి మన్ను ఉందో దానికి సుమారు నాలుగు రెట్ల బరువు ఇసుక కలిపి, ఘనపు మీటరుకు సుమారు కిలో జిప్సం వేయడం. కాల్షియం రేకులను బిగించి ఇసుక గింజలను పట్టి ఉంచేంత బలమైన వల చేస్తుంది. ఇసుక బరువు ఆ వలను నొక్కి నీటిని పిండుతుంది. మిశ్రమం పలుచనైనా, జిప్సం చాలకపోయినా ఇసుక కిందికి జారి, మన్ను మళ్ళీ విడిగా పైన మిగులుతుంది.

రెండోది పాలీఅక్రిలమైడ్ అనే పొడవాటి అణువు, పొడి ఘనం టన్నుకు సుమారు కిలో. చిల్లగింజ చేసే వంతెన పనే, మరింత పొడుగ్గా. ఇక్కడ తప్పు ఎక్కువగా కలపడంలోనే జరుగుతుంది. తక్కువ కలిపితే ఒక చోట ముద్ద, ఒక చోట పచ్చి బురద. సరైన క్షణంలో బురద పెరుగు విరిగినట్టు నీరు వదులుతుంది. ఆ క్షణం దాటి ఇంకా తిప్పితే దారాలు తెగి ముద్దలు నలిగిపోతాయి, తిరిగి కట్టుకోవు. గొట్టం పొడవు ఎక్కువైనా ఇదే జరుగుతుంది. మోతాదును టన్ను ఘనానికి లెక్కగట్టడమే అసలు పొరపాటు. మిథిలీన్ బ్లూ విలువ రెట్టింపైతే అణువు అంటుకోవాల్సిన విస్తీర్ణం రెట్టింపైనట్టే. సోమవారం బురదకు సరిపోయిన మోతాదు గురువారం బురదకు చాలకపోవడానికి తరచూ కారణం ఇదే.

ఈ రెండు చికిత్సల్లోనూ పిండిన నీరు మళ్ళీ కర్మాగారానికే వెళ్తుంది. జిప్సం వేసిన చెరువు నుంచి వచ్చిన నీటిలో కాల్షియం ఉంటుంది. అది స్మెక్టైట్ ఉన్న ముడి ఇసుకను తాకితే, పైన చెప్పిన పూత తారు బొట్టు మీద పడుతుంది. జిప్సంలోని సల్ఫేట్ కూడా పెరిగితే గాలి ఆడని అడుగు బురదలో బాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చగలదు. అందుకే చెరువుకు జిప్సం మోతాదు నిర్ణయించే ముందు రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోవాలి: తిరిగి వచ్చే నీటిలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం, రేపు తవ్వబోయే ఇసుకలో గ్లైకాల్‌కు 1.7 దాకా ఉబ్బే శిఖరం ఉందా లేదా.